ఫైబర్ బోటు లోపలి కర్ర కుళ్లితే: తెరవడం, మార్చడం, మళ్లీ కప్పడం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. చిన్న బోట్లకు మినహాయింపులు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకంగా ఉంటాయి. అవి ఎలా ఉన్నా, బోటును ఒడ్డుకు లాగి బాగుచేసుకునే కాలం మాత్రం అందరికీ ఇదే. ఎండ ఉంటుంది, గాలి ఉంటుంది, వానలు ఇంకా పట్టుకోవు. పూరీ పెంటకోటలో అయినా, గంజాం జిల్లా గోపాల్‌పూర్‌లో అయినా, యానాంలో అయినా ఈ రోజుల్లో గ్రైండరు చప్పుడు, రెజిన్ వాసన మామూలే.

ఈ మరమ్మతుల్లో పైకి కనిపించే పగుళ్లు, రంగు, అంచులు అన్నీ చూసుకుంటాం. లోపల దాక్కున్న కర్రను మాత్రం చూసుకోం. బోటు బలం చాలావరకు దానిమీదే ఉంది. ఇంజిన్ బరువు మోసేది అదే. వేటకు వెళ్లిన నలుగురైదుగురు తిరిగి ఇల్లు చేరడం కూడా దానిమీదే ఆధారపడి ఉంటుంది.

నేను మేస్త్రిని కాను. ఉద్యోగమంతా కాగితాలు, లెక్కలు రాసినవాణ్ణి. కానీ రెజిన్ డబ్బామీద రాత ఇంగ్లిషులో, ఆఫీసు కాగితం ఒడియాలో, మేస్త్రి మాట తెలుగులో ఉండే చోట ఈ మూడింటినీ కలిపి ఒకచోట రాసిపెట్టడం సంఘం పనేనని అనుకుంటున్నాను. చేసేది మేస్త్రే అయినా, ఏం చేస్తున్నాడో బోటు యజమానికి తెలియాలి.

కర్ర ఎక్కడ ఉంటుంది, ఎందుకు ఉంటుంది

మన పెద్దవాళ్ల తెప్ప అంతా దుంగలే. కుట్టు పడవ అంతా పలకలే. ఏది పుచ్చిపోయినా కంటికి కనిపించేది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాతం కార్యక్రమం కింద ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ, అలల్లోంచి నేరుగా ఒడ్డుకు చేరే కొత్త రకం బోట్లను ఈ తీరంలో పరీక్షించింది. తర్వాత మెల్లగా ఫైబర్ బోట్లు వచ్చాయి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత సహాయంగా వచ్చిన బోట్లతో అవి తీరమంతా నిండాయి. ఆ రోజుల్లో చేసినవి ఇంకా నీళ్లమీద తిరుగుతుంటే వాటికి ఇప్పుడు ఇరవై ఏళ్ల వయసు.

ఫైబర్ అంటే గాజు పోగుల గుడ్డ, దాన్ని తడిపి గట్టిపరిచే రెజిన్. ఈ రెండూ కలిసిన తొడుగు చాలా గట్టిది, కానీ పలచనిది. పలచని రేకు ఎలా ఊగుతుందో ఇదీ అలా ఊగుతుంది. ఆ ఊపు ఆపడానికి లోపల బోటు పొడవునా పొడుగు కర్రలు, వాటికి అడ్డంగా అడ్డ కర్రలు, వెనక ఇంజిన్ తగిలించే చోట మందపాటి పలక పెడతారు. పొడుగు కర్రను స్ట్రింగర్ అని, వెనక పలకను ట్రాన్సమ్ అని అంటారు. ఈ కర్రలన్నిటినీ ఫైబర్‌తో కప్పేస్తారు. అందుకే బయటికి కనిపించవు.

కుళ్లు ఎలా మొదలవుతుంది

కర్ర ఊరికే కుళ్లదు. బూజు జాతికి చెందిన జీవి దాన్ని తింటుంది. దానికి తడి, గాలి, వెచ్చదనం మూడూ కావాలి. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే అది బతకలేదు. ఫైబర్ తొడుగు లోపల నీళ్లు ఒకసారి చేరితే బయటికి పోయే దారి ఉండదు. మన తీరంలో వెచ్చదనానికి కొదవే లేదు.

నీళ్లు చేరే దారులు నాలుగే. ఇంజిన్ బోల్టు రంధ్రాలు, లోపల ఏదో బిగించడానికి కొట్టిన స్క్రూలు, అడుగున నీళ్లు పోయే రంధ్రం చుట్టూ కప్పని కర్ర అంచు, ఒడ్డుకు లాగేటప్పుడు పడిన పగుళ్లు.

ఒక సంగతి చాలామంది నమ్మరు. ఉప్పునీటికన్నా వాననీరే కర్రకు ఎక్కువ చేటు. ఉప్పు ఆ బూజును కొంత అడ్డుకుంటుంది, మంచినీటికి ఆ గుణం లేదు. సముద్రంలో తిరిగే బోటుకన్నా, వానాకాలమంతా ఒడ్డున కడుపునిండా వాననీళ్లు పెట్టుకుని కూర్చున్న బోటు ముందుగా పాడవుతుంది. యానాం దగ్గర గౌతమి పాయలో వరద రోజుల్లో మంచినీటిలోనే ఉండే బోట్లకూ ఇదే బెడద.

తట్టి వినండి, తొలిచి చూడండి

పరీక్షకు యంత్రాలేమీ అక్కర్లేదు. స్క్రూడ్రైవరు పిడితోనో చిన్న సుత్తితోనో పొడుగు కర్ర మీద ప్రతి జానెడుకూ ఒకసారి తట్టండి. మంచి కర్ర టక్కుమని పలుకుతుంది. కుళ్లింది గానీ, ఫైబర్‌ నుంచి ఊడింది గానీ బద్దుగా, బోలుగా పలుకుతుంది. అనుమానం వచ్చినచోట సుద్దముక్కతో గీత గీయండి. అంతా తట్టాక ఆ గీతల్ని చూస్తే కుళ్లు ఎంత దూరం పాకిందో తెలుస్తుంది.

తర్వాత లోపలి వైపు నుంచి 4 మిల్లీమీటర్ల బిట్టుతో, అడుగు తొడుగుకు తగలకుండా, చిన్న రంధ్రం వేయండి. పొట్టు లేతరంగులో పొడిగా వస్తే మంచిదే. నల్లగా, ముద్దగా, పుట్టగొడుగు వాసనతో వస్తే ఇక వాదన అక్కర్లేదు. నీళ్లే కారితే చెప్పక్కర్లేదు. ఏ ఫలితం వచ్చినా వేసిన రంధ్రాలన్నీ రెజిన్ ముద్దతో పూడ్చాలి.

వెనక పలకకు ఇంకో పరీక్ష ఉంది. ఇంజిన్‌ను పైకి ఎత్తి, దాని కింది భాగాన్ని చేతులతో గట్టిగా అదిమి వదలండి. పలక ఊగినా, బోల్టుల దగ్గర తడి ఊరినా, మూలల్లో వెంట్రుకలాంటి పగుళ్లు కనిపించినా లోపల కర్ర పోయినట్టే. మా వాడలో ఒక కుటుంబం ఆ పగుళ్లమీద రెండేళ్లు రంగు వేస్తూ వచ్చింది. మూడో ఏడు ఒడ్డుకు వస్తుండగా ఇంజిన్ పలకతో సహా ఊడింది. గొలుసు కట్టి ఉండటంతో ఇంజిన్ మునిగిపోలేదు. ఒడ్డు దగ్గరే కాబట్టి మనుషులూ దక్కారు. లోతు నీళ్లలో, చీకట్లో అయితే ఏమయ్యేదో వేరే చెప్పాలా?

పనికిరాని వైద్యాలు

రంధ్రాలు వేసి రెజిన్ పోస్తే గట్టిపడుతుందని కొందరు చెబుతారు. తడి కర్రలోకి రెజిన్ దిగదు. దిగిన చోట కూడా చుట్టూ ఉన్న కుళ్లు ఆగదు. పాత కర్ర పక్కన కొత్త కర్ర పెట్టి మేకులు కొడితే ప్రతి మేకూ నీటికి కొత్త దారి. పైన ఇంకో పొర ఫైబర్ వేస్తే తడి లోపలే బందీ అవుతుంది. మిగిలింది ఒకటే మార్గం: తెరవాలి, తీయాలి, ఆరబెట్టాలి, కొత్తది పెట్టాలి, కప్పాలి.

మార్చడం దండగ అయ్యే సందర్భం కూడా ఉంది. బోటు అడుగే కాలికింద మెత్తగా దిగుతుంటే, తొడుగు పొరలు పొరలుగా విడిపోతుంటే, కొత్త కర్రకు పట్టు దొరకదు. తొడుగు గట్టిగా ఉండి కర్ర మాత్రమే పోతే ఖర్చు పెట్టడం న్యాయం. కొత్త బోటంటే లక్షల మాట, పైగా అప్పు మాట.

కోసే ముందు బోటును నిలబెట్టడం

కర్ర తీసేశాక బోటు ఆకారాన్ని పట్టి ఉంచేది ఏమీ ఉండదు. కింద ఎత్తుపల్లాలుంటే అడుగు అలాగే వంగిపోతుంది. ఆ వంపుమీద కొత్త కర్ర బిగిస్తే శాశ్వతంగా వంకర బోటు తయారవుతుంది. నీళ్లలో అది పక్కకు లాగుతుంది, డీజిలో పెట్రోలో ఎక్కువ తాగుతుంది.

కాబట్టి ముందు మట్టసం చూసి, అడుగు మధ్యనా రెండు పక్కలా ఇసుక బస్తాలు గట్టిగా సర్దాలి. ముందు నుంచి వెనకకు దారం లాగి కట్టి, కర్రలు ఎంత లోతులో ఉన్నాయో కొలతలు రాసుకోవాలి. అన్ని కర్రలూ ఒకేసారి తీయకూడదు. ఒకటి మార్చి, అది గట్టిపడ్డాక రెండోదాని మీద చెయ్యి వేయాలి. పైన టార్పాలిన్ పందిరి వేసి, గాలి ఆడేలా పక్కలు తెరిచి ఉంచాలి.

తీయడం, ఆరబెట్టడం

పొడుగు కర్రమీది ఫైబర్‌ను గ్రైండరుతో రెండు పక్కలా కోసి మూతలా లేపాలి. అడుగు తొడుగుకు ఆనుకుని ఉన్న రెండంగుళాల అంచును మొదట అలాగే వదలాలి. కొత్త కర్ర ఎక్కడ కూర్చోవాలో అదే గుర్తు. బ్లేడు అడుగు తొడుగును కోయకుండా లోతు చూసుకోవాలి. ఉలితో కుళ్లు తీసేటప్పుడు కాస్త గట్టిగా ఉన్న ముక్కల్ని పారేయకండి, కొత్త కర్రకు కొలత అవే. ముక్కలు దొరక్కపోతే అట్టముక్క కోసి పెట్టి కొలత తీసుకోవచ్చు. కుళ్లు కనిపించిన చోటుకు ఇంకో అడుగు అవతలి దాకా, పొడి కర్ర వచ్చేవరకు తీయాలి.

తర్వాత ఆరాలి. తొందరపడేవాళ్లంతా ఇక్కడే చెడగొడతారు. తెరిచిన బోటును పందిరి కింద కనీసం వారం పది రోజులు ఉంచండి. ఒక ప్లాస్టిక్ కాగితాన్ని అనుమానం ఉన్నచోట టేపుతో నాలుగు వైపులా అంటించి, ఒక రాత్రి ఉంచి చూడండి. కాగితం లోపలివైపు చెమట పడితే ఇంకా తడి ఉన్నట్టే.

ఆరాక, కొత్త ఫైబర్ అంటాల్సిన చోటంతా ముందు అసిటోన్‌తో తుడిచి, తర్వాత 36 లేదా 40 నంబరు గరుకు కాగితంతో రాయాలి. వరస తిరగేస్తే పైనున్న మైనం, నూనె ఆ గరుకు గీతల్లోకే దిగిపోతాయి. పాత ఫైబర్‌కు కొత్త రెజిన్ కరిగి కలవదు, గరుకుతనాన్ని పట్టుకునే నిలుస్తుంది. మెరుపు పోయి, గాజు పోగు కనిపించేదాకా రాయాలి.

ఏ కర్ర, ఎలా పెట్టాలి

వెనక పలకకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. ఇంటి సామానుకు వాడే మామూలు ప్లైవుడ్ మీద ఐఎస్ 303 అని ఉంటుంది. దుకాణంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, ధర తేడా చూసి మనసు మార్చుకోకండి. పొడుగు కర్రకు ప్లైవుడ్ గానీ, బాగా ఆరిన గట్టి కర్ర గానీ పనికొస్తుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి రెజిన్ సరిగా పట్టదు. టేకే వాడితే అసిటోన్‌తో బాగా తుడిచి వెంటనే పూత వేయాలి. పచ్చికర్ర ఏ జాతిదైనా వద్దు.

పెట్టేటప్పుడు నాలుగు సంగతులు మరవకూడదు.

ఒకటి, పైఅంచులు గుండ్రంగా చెక్కాలి. గాజు మ్యాట్ పదునైన మూలమీద వంగదు, లేచి నిలుస్తుంది. దాని కింద గాలి బుడగ మిగులుతుంది, అదే రేపు నీటి గూడు.

రెండు, కర్రకు అన్ని వైపులా, ముఖ్యంగా కోసిన కొసలకు, రెజిన్ పూత వేయాలి. కొసల నుంచే కర్ర నీళ్లు ఎక్కువగా పీలుస్తుంది.

మూడు, కర్రను అడుగు తొడుగుమీద నేరుగా ఆనించకూడదు. రెజిన్‌లో గాజుపోగు ముక్కలు కలిపి చేసిన ముద్దమీద కూర్చోబెట్టి, రెండు పక్కలా అదే ముద్దతో మూల గుండ్రంగా నింపాలి. లేకపోతే అల కొట్టినప్పుడల్లా కర్ర అంచు తొడుగును ఒకేచోట పొడిచి పగలగొడుతుంది.

నాలుగు, అతుకు పెట్టాల్సి వస్తే ఏటవాలుగా కోసి అతకాలి. మందానికి ఎనిమిది రెట్లు వాలు ఉండాలి. అంటే 2.5 సెంటీమీటర్ల కర్రకు 20 సెంటీమీటర్ల వాలు. మొనకు మొన ఆనించిన అతుకు మొదటి దెబ్బకే విడిపోతుంది.

నీళ్లు ఒకవైపు నుంచి ఇంకోవైపు పోయే రంధ్రాలుంటే ప్రతిదానిలో చిన్న పైపు ముక్క దూర్చి చుట్టూ రెజిన్‌తో మూయాలి. కర్ర ఎక్కడా నీటికి ముఖం చూపకూడదు.

కప్పడం, దాని లెక్క

ఒక లెక్క వేసి చూద్దాం. కర్ర పొడవు 3 మీటర్లు, ఎత్తు 15 సెంటీమీటర్లు, మందం 5 సెంటీమీటర్లు. పక్క, పైభాగం, ఇంకో పక్క కలిపితే 35. మొదటి పొర అడుగు తొడుగుమీదకు ఒక్కోవైపు 5 సెంటీమీటర్లు, రెండోది 7.5, మూడోది 10 పాకాలి. అంటే పొరల వెడల్పు 45, 50, 55. అంచులన్నీ ఒకేచోట ఆగితే అక్కడే విరుగుతుంది, అందుకే ఈ మెట్లు.

మూడు పొరలూ కలిపి 4.5 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ అయితే గాజు బరువు సుమారు 2 కిలోలు. మ్యాట్‌కు దాని బరువుకు రెండున్నర రెట్ల రెజిన్ పడుతుంది, అంటే 5 కిలోలు. ముద్దకు, పూతలకు ఇంకో 2 కిలోలు. మొత్తం 7 కిలోలు. ఈ లెక్క యజమాని చేతిలో ఉంటే సరుకు ఎక్కువ కొనడూ ఉండదు, సరిపోక మధ్యలో పని ఆగడమూ ఉండదు. ఇంజిన్ దగ్గర మ్యాట్ పొరల మధ్య ఒక పొర నేత గుడ్డ, అంటే రోవింగ్, వేస్తే బలం పెరుగుతుంది. తొడుగుకు తగిలే మొదటి పొర మాత్రం ఎప్పుడూ మ్యాటే.

రెజిన్‌లో ఐసోఫ్తాలిక్ రకం నీటికి బాగా తట్టుకుంటుంది. చేతనైతే ఎపాక్సీ ఇంకా మంచిది, కర్రకూ పాత ఫైబర్‌కూ గట్టిగా పట్టుకుంటుంది, కానీ ధర ఎక్కువ. ఎపాక్సీ వాడితే మామూలు మ్యాట్ బదులు నేత గుడ్డ వాడాలి. ఎపాక్సీ మీద మామూలు పాలిస్టర్ రెజిన్ సరిగా గట్టిపడదు, కాబట్టి ఒక పనిలో రెండూ కలపవద్దు.

పాలిస్టర్ రెజిన్‌కు హార్డ్‌నర్ బరువులో 1 నుంచి 2 శాతం. మన ఎండల్లో 1 శాతం చాలు, అంటే కిలోకు 10 గ్రాములు. మూతతో కొలవకండి, చిన్న కొలపాత్ర వాడండి. ఒకసారికి అరకిలో మించి కలపకండి. ఎక్కువైతే గిన్నెలోనే వేడెక్కి పొగలు వస్తుంది. ఒకే ఊపులో మూడు నాలుగు పొరలకు మించి వేయకండి. ప్రతి పొరనూ రోలరుతో నొక్కి తెల్లటి గాలి మచ్చలు పోయేదాకా రుద్దండి. పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, సాయంత్రం సముద్రపు తేమ దిగకముందే ఆపాలి.

వెనక పలక, బోల్టు రంధ్రాలు

పలకను లోపలి వైపు నుంచి తీసి, బయటి తొడుగును అలాగే ఉంచడం మంచిది, అచ్చు అదే అవుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు రెజిన్‌తో అతికి, బిగింపులు పెట్టి ఆరనిచ్చి వాడతారు. పాత పలక మందం కొలిచి దానికి తగ్గట్టు చూసుకోవాలి, ఇంజిన్ బిగింపు దానిమీదే కూర్చోవాలి.

బోల్టుకు ఒక చిట్కా. 10 మిల్లీమీటర్ల బోల్టుకు ముందు 16 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. దాన్ని ఎపాక్సీ ముద్దతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో 10 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది కర్ర కాదు, ఎపాక్సీ. సీలెంట్ ఎప్పుడో పాడైనా నీళ్లు కర్రను తాకవు. ఈ ఒక్క పని గంటసేపటిది, కాపాడేది ఎన్నో ఏళ్లు. కప్పడం పూర్తయ్యాక వారం రోజులు ఆగి ఇంజిన్ ఎక్కించండి.

ప్రాణానికి సంబంధించిన జాగ్రత్తలు

హార్డ్‌నర్, కోబాల్ట్ యాక్సిలరేటర్ రెండూ నేరుగా ఎప్పుడూ కలపకూడదు. కలిస్తే మండుతుంది, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో బాగా కలపాలి, తర్వాతే హార్డ్‌నర్. దుకాణంలో అడగండి, కొన్ని రెజిన్‌లలో కోబాల్ట్ ముందే కలిపి అమ్ముతారు. సీసాలు రెండూ వేరువేరు చోట్ల, పిల్లలకు అందకుండా పెట్టండి.

హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. వెంటనే కనీసం పావుగంట ధారగా మంచినీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కళ్లద్దాలు తప్పనిసరి. గాజు ధూళికి తువ్వాలు చాలదు, మంచి మాస్కు కావాలి. పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పని అయ్యాక ముందు చన్నీళ్లతో కడుక్కోండి. పని దగ్గర బీడీ, పొయ్యి వద్దు. మిగిలిన రెజిన్ గిన్నె ఇసుకలో పెట్టి చల్లారనివ్వండి.

తర్వాత

వానాకాలంలో బోటు ముక్కు ఎత్తుగా పెట్టి, వెనక నీళ్లు పోయే బిరడా తీసి ఉంచండి. పైన కప్పిన టార్పాలిన్ కింద గాలి ఆడాలి. లోపల కొత్త స్క్రూ కొట్టాల్సి వస్తే ముందు రంధ్రాన్ని రెజిన్‌తో తడపండి. ఏటా ఒకసారి తట్టి వినండి.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన ఏ కర్ర మార్చారు, ఏ రెజిన్, హార్డ్‌నర్ ఎన్ని గ్రాములు, ఎవరు చేశారు, ఎంత ఖర్చయింది. ఫొటోలు కూడా తీసి పెట్టుకోండి. బోటు అమ్మేటప్పుడూ, బీమా అడిగేటప్పుడూ, తుపాను తర్వాత నష్టం రాయించుకునేటప్పుడూ మాటకన్నా ఆ కాగితమే పని చేస్తుంది. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2019లో ఫణి పూరీ దగ్గర తీరం దాటాయి. ఇలాంటి రోజుల తర్వాత కాగితం విలువ ఏమిటో తీరంలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు.

చివరగా సంఘాలకు ఒక మాట. ఒక్కో ఇంటికీ ఒక తూకం, ఒక కొలపాత్ర, నాలుగు మంచి మాస్కులు, కళ్లద్దాలు కొనడం బరువే. వాడకు ఒక సెట్ కొని సంఘం గదిలో పెడితే అందరికీ పనికొస్తుంది. ఉగాది చందాలో అది పెద్ద లెక్క కాదు. అలాగే మీ ఊళ్లో పని తెలిసిన పాత మేస్త్రి ఉంటే, ఆయన దగ్గర ఇద్దరు కుర్రాళ్లను ఈ వేసవిలో నిలబెట్టండి. ఈ వ్యాసం చదివితే పని అర్థమవుతుంది, కానీ ఏ చప్పుడు బద్దుదో, ఏ చప్పుడు గట్టిదో ఆయన పక్కన నిలబడి వింటేనే తెలుస్తుంది.